స్కాన్ క్లీన్‌గా ఉంది, మరి నాకు ఓపికెందుకు లేదు?

నిన్న వచ్చిన రక్తపరీక్షలో బైకార్బొనేట్, అంటే రక్తంలో ఆమ్లం పెరగకుండా చూసే పదార్థం, మామూలుకొచ్చింది. నెలల తరబడి నన్ను మంచాన పడేసిన నీరసానికి కారణం ఒంట్లోనే ఉందని కాగితం మీద తేలిపోయింది. "అంతా మీ మనసులోనే ఉంది" అన్నట్టు డాక్టర్ అన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకొచ్చిన మూత్రాశయ క్యాన్సర్ సంగతి క్లుప్తంగా చెప్తాను. నొప్పీ గిప్పీ లేకుండా మూత్రంలో రక్తం పడింది. స్కాన్ చేశారు. తర్వాత మూత్రనాళం గుండా కెమెరా పంపి గడ్డను గీకి తీశారు, దాన్ని టీయూఆర్‌బీటీ అంటారు. గడ్డ కండరంలోకి దిగిందని బయాప్సీలో తేలింది. ముందు కీమో, ఆ తర్వాత మూత్రాశయం మొత్తం తీసేసి, చిన్నపేగు ముక్కతో కొత్త సంచి కుట్టే ఆపరేషన్. ఆ సంచి పేరు నియోబ్లాడర్. సర్జన్ది మంచి చెయ్యి. కుట్లు మానాయి, ఇంటికొచ్చాం.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పొద్దున లేచి పళ్ళు తోముకుని వస్తే మళ్ళీ పడుకోవాల్సిందే. చొక్కా గుండీలు సగం పెట్టుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని కాసేపు కూర్చుంటే గాని మిగతా సగం పెట్టుకోలేకపోయేవాణ్ణి. పేపర్లో ఒక పేరా చదివేసరికి పైన ఏం చదివానో గుర్తుండేది కాదు. పని చేసి అలసిపోవడం నాకు కొత్త కాదు, అది ఒక రాత్రి నిద్రతో పోయేది. ఇది ఎంత పడుకున్నా పోలేదు. డిశ్చార్జ్ కాగితాల్లో కుట్ల గురించి, ట్యూబుల గురించి పేజీలకు పేజీలు రాశారు. అలసట గురించి ఒక్క లైను లేదు. ఇది రావచ్చని ముందే చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్‌కి ఇదంతా చెప్పాను. ఆయన స్కాన్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "క్లీన్‌గా ఉంది కదండీ, ఇంకేం కావాలి? మనసు గట్టి చేసుకోండి" అన్నాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "మీరు మరీ గారాబం చేస్తున్నట్టున్నారమ్మా" అన్నాడు. పక్కన నిలబడ్డ కుర్ర డాక్టర్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కీమో నడుస్తున్నప్పుడు కూడా వీలైన ప్రతి రోజూ ఆఫీసుకి వెళ్ళినవాణ్ణి నేను. నన్ను పట్టుకుని పని తప్పించుకునేవాడన్నట్టు మాట్లాడాడు. రాత్రి ఎలా నిద్రపోతున్నారు, అన్నం సయిస్తోందా అని ఒక్క ప్రశ్న లేదు.

కొన్నాళ్ళు సగం రోజు పనికి అనుమతివ్వమని ఆఫీసుకి ఉత్తరం రాసివ్వమన్నాను. "స్కాన్ బాగుంటే నేనేమని రాయను?" అంటూ 'డ్యూటీకి ఫిట్' అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని మా పై అధికారి నలుగురి ముందూ పైకి చదివి, "చూడ్డానికి బాగానే ఉన్నారు కదా" అన్నాడు. మనిషి పైకి ఎలా కనిపిస్తున్నాడన్నది ఒంట్లో ఉన్న ఓపికకి కొలత కాదు. జబ్బు నుంచి లేచినవాణ్ణి చూసి ఆ మాట అనడం పాపం అంటాను నేను. చుట్టాలకీ అదే చెప్తున్నాను.

కారణం కనిపెట్టింది, మూత్రం ఆపుకునే వ్యాయామాలు నేర్పే నర్సమ్మ. వ్యాయామం మధ్యలో నేను గోడకి ఆనుకోవడం చూసి ఆపేసింది. "ఆకలి వేస్తోందా అన్నా? వికారంగా ఉంటోందా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?" అని వరసగా అడిగింది. ఆకలి చచ్చిపోయిందనీ, బరువు తగ్గుతున్నాననీ చెప్పాను. వెంటనే డ్యూటీ డాక్టరమ్మని పిలిచి హిమోగ్లోబిన్, క్రియాటినిన్, థైరాయిడ్, బైకార్బొనేట్ రాయించింది. హిమోగ్లోబిన్ కాస్త తక్కువ. బైకార్బొనేట్ మాత్రం బాగా పడిపోయింది.

డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. పీల్చుకోవడం పేగు స్వభావం. మూత్రసంచిగా కుట్టినా అది ఆ పని మానదు. మూత్రంలోని అమ్మోనియం, క్లోరైడ్ తిరిగి రక్తంలోకి చేరతాయి, బైకార్బొనేట్ బయటికి పోతుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. మూత్రం సంచిలో ఎంతసేపు నిలిస్తే అంత ఎక్కువ. దీన్నే మెటబాలిక్ అసిడోసిస్ అంటారు. నీరసం, వికారం, ఆకలి లేకపోవడం దాని లక్షణాలే. సోడియం బైకార్బొనేట్ మాత్రలు రాసింది. ఇది చదివి ఎవరూ సొంతంగా సోడా మింగకండి. అందులో సోడియం ఉంటుంది కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్ళకి ప్రమాదం.

మాత్రలతో ఆకలి ముందు తిరిగొచ్చింది. నీరసం మెల్లగా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. రాత్రిళ్ళు 3 గంటలకోసారి అలారం పెట్టుకుని లేవాలి, ఎందుకంటే ఈ సంచి నిండితే పాత మూత్రాశయంలా కబురు చెయ్యదు. అలా ముక్కలయ్యే నిద్రకి బదులుగా మధ్యాహ్నం అరగంట పడుకుంటాను. సాయంత్రం పడుకుంటే రాత్రి నిద్ర ఇంకా చెడుతుంది.

నడక మాత్రం ఎవరు చెప్పినా చెప్పకపోయినా మొదలుపెట్టండి. క్యాన్సర్ అలసటకి పడుకోవడం కంటే కదలడమే మేలు చేస్తుందని పరిశోధనలు కూడా చెప్తున్నాయి. నేను హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడవడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఆగకుండా మూడంతస్తుల మెట్లు ఎక్కుతున్నాను, గర్వంగానే చెప్తున్నాను. ఓపిక బాగున్న రోజు రెండింతలు నడవకండి, మర్నాడు లేవలేరు. బరువులు ఎత్తడం సర్జన్ సరేనన్నాకే, లేకపోతే హెర్నియా రావచ్చు.

మూత్రాశయం తీయించుకుని నీరసంతో ఉన్నవాళ్ళు, మూత్రం కోసం పొట్ట మీద బయట సంచి పెట్టించుకున్నవాళ్ళు కూడా, బైకార్బొనేట్ చూడమని పేరు పెట్టి అడగండి. దిగులుగా ఉంటే అదీ చెప్పండి, దానికీ వైద్యం ఉంది. చిన్నపేగు చివరి భాగమే బీ12 విటమిన్‌ని పీల్చుకుంటుంది. అది తీసి వాడితే కొన్నేళ్ళకి బీ12 తగ్గిపోవచ్చు, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి.

సగం రోజు డ్యూటీకి ఉత్తరం డాక్టరమ్మే రాసిచ్చింది, బైకార్బొనేట్ అంకెలతో సహా. సోమవారం దాన్ని మా పై అధికారి చేతికే ఇస్తాను.