మే నెల ట్యాంకు నీళ్లు, నా గుండె దడ

మొన్న రాత్రి మళ్లీ వచ్చింది. కింద పడ్డ చెంచా తీద్దామని వంగి లేచానో లేదో, లైటు స్విచ్ వేసినట్టు టప్పున మొదలైంది. మెట్లెక్కితేనో భయమేస్తేనో వచ్చే దడ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది, ఇది అలా కాదు. ఒక సెకను ముందు మామూలుగా ఉంటాం, మరుసటి సెకనులో నిమిషానికి 180, 190 సార్లు కొట్టుకుంటుంటుంది. గుండె ఛాతీలో కాకుండా గొంతులోకి వచ్చి కూర్చుందా అనిపిస్తుంది. మెడ దగ్గర చర్మం కప్ప గొంతులా టకటకా ఎగరడం అద్దంలో నాకే కనిపిస్తుంది. మా అమ్మాయి అయితే నా ముఖం చూడగానే ఏమీ అడగకుండా ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తింది. ఎందుకు ఫ్రిజ్ దగ్గరికి అనేదే ఈ పోస్టు. "ముఖం మీద చల్లనీళ్లు కొట్టుకుంటే గుండె దడ తగ్గుతుందట కదా" అని ఈమధ్య నలుగురైదుగురు అడిగారు, ప్రతివాళ్లకీ ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నా.

తగ్గుతుంది. అందరికీ కాదు, అన్ని రకాల దడకీ కాదు, ఎలా పడితే అలా చేస్తే అసలు కాదు.

నాకు ఇది మొదలైంది 2017లో. అప్పట్లో ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆటో ఎక్కి హాస్పిటల్‌కి వెళ్లేసరికి ఆగిపోయేది, ఈసీజీ తీస్తే నున్నగా నార్మల్. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు థైరాయిడ్ టెస్ట్ రాశారు, మూడో ఆయన కాగితం మీద నుంచి తల కూడా ఎత్తకుండా "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నారు. లెక్కల టీచర్‌ని, పదో తరగతి వాళ్లకి చెప్తాను, టెన్షన్ లేకుండా ఎలా ఉంటుంది? నిజానికి నాలుగేళ్లపాటు నేనూ అదే నమ్మాను. దడ వచ్చినప్పుడల్లా నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వచ్చేది, అదీ భయం వల్లే అనుకున్నా. అది కూడా ఈ జబ్బు లక్షణమేనట, గుండె పైగదులు సాగినప్పుడు వదిలే ఒక హార్మోన్ వల్ల అలా అవుతుందని చాలా తర్వాత తెలిసింది.

2021లో ఒకసారి ఆగకుండా గంటన్నర కొట్టుకుంది, అప్పుడు దొరికింది ఈసీజీలో. 188. ఎస్‌వీటీ అన్నారు, అంటే గుండె పైభాగంలో పుట్టి హఠాత్తుగా వచ్చే ఒక రకం వేగపు దడ. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసే, ఓపికగా చెప్పింది. ఎడినోసిన్ అనే ఇంజెక్షన్ ఇస్తామని, ఆరేడు సెకన్లు ప్రాణం పోతున్నట్టు ఉంటుందని, పోదని. నిజంగానే అలాగే అయింది. ఛాతీ మీద బండరాయి పెట్టినట్టు, లోపల అంతా నిశ్శబ్దం, తర్వాత ఒక్క కుదుపు, ఆ తర్వాత మామూలు గుండె. 6 మిల్లీగ్రాములతో ఆగకపోతే 12 ఇస్తారట, నాకు 6తోనే ఆగింది. ఆ అనుభవం రెండోసారి వద్దు దేవుడా అని, "ఇంట్లో చేసుకోగలిగేది ఏదైనా ఉందా మేడమ్" అని అడిగితే అప్పుడు చెప్పింది నీళ్ల సంగతి.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. గుండెలో పైగదుల నుంచి కిందిగదులకి కరెంటు వెళ్లడానికి మధ్యలో ఏవీ నోడ్ అని ఒక గేటు ఉంటుంది. నాలాంటి వాళ్లకి ఆ గేటు దగ్గర ఒక దారికి బదులు రెండు దారులుంటాయి, ఒకటి వేగంగా పోయేది, ఒకటి నిదానంగా పోయేది. ఎప్పుడైనా ఒక దెబ్బ సమయం తప్పి పడితే కరెంటు ఒక దారిన దిగి రెండో దారిన ఎక్కి, గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం మొదలుపెడుతుంది. తిరిగిన ప్రతి చుట్టుకీ గుండె ఒకసారి కొట్టుకుంటుంది. ఆ ఎద్దుని ఒక్క క్షణం ఆపగలిగితే చాలు, చుట్టు తెగిపోతుంది. ఆపగలిగేది వేగస్ నరం, మెదడు నుంచి గుండెకి వచ్చి దాన్ని నెమ్మదింపజేసే నరం. దాన్ని గట్టిగా లేపడానికి ఒక దారి ముఖం మీద చల్లదనం.

సరే, నేర్చుకున్నా కదా అని ధైర్యంగా ఇంటికొచ్చాను. రెండు నెలలకే వచ్చింది మళ్లీ, మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, ఖమ్మంలో. వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి పంపు తిప్పి ముఖాన కొట్టుకున్నా. ఖమ్మంలో మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, బియ్యం వేస్తే అన్నమయ్యేట్టున్నాయి. ముఖం కాలింది తప్ప దడ ఆగలేదు. "ఇదంతా ఉత్తదే" అని ఏడుస్తూ కూర్చున్నా. తర్వాత ఆలోచిస్తే నేను చేసినవన్నీ తప్పులే. నీళ్లు చల్లగా లేవు, చల్లుకున్నానే గానీ ముంచలేదు, ఊపిరి బిగబట్టలేదు.

ఈ మూడూ ఎందుకు ముఖ్యమో చెప్తా. సీలు అనే సముద్రపు జంతువు, బాతు లాంటివి నీళ్లలో మునిగినప్పుడు వాటి గుండె బాగా నెమ్మదిస్తుంది, ఉన్న ఆక్సిజన్‌ని పొదుపుగా వాడుకోవడానికి. మనకీ ఆ గుణం కొంచెం మిగిలి ఉంది. నుదురు, కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర చల్లగా తగిలి, అదే సమయంలో ఊపిరి ఆగితే, ముఖానికి స్పర్శ తెలిపే నరం మెదడుకి కబురు పంపుతుంది, మెదడు వేగస్ ద్వారా గుండెకి బ్రేకు వేస్తుంది. మనిషి నీళ్లలో మునిగాడని ఒళ్లు మోసపోతుందన్నమాట. దీన్ని ఈ జబ్బుకి వాడొచ్చని 1975లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో అమెరికా డాక్టర్లు రాశారు. అంటే నన్ను టెన్షన్ తగ్గించుకోమన్న రోజుకి ఈ సంగతి తెలిసి 40 ఏళ్లు దాటింది. పోనీలెండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు, అందులో ట్రే నిండా ఐసు ముక్కలు. డైనింగ్ టేబుల్ ముందు కుర్చీలో కూర్చుంటాను. నిలబడి చేయను, గుండె ఒక్కసారిగా నెమ్మదిస్తే కళ్లు తిరిగి పడొచ్చు. ఒక మాదిరిగా ఊపిరి తీసుకుని బిగబట్టి, నుదురు దాకా ముంచి, మనసులో ఇరవై లెక్కపెడతాను. పక్కన ఒక మనిషి ఉండాలి, ఇది నా ఇంట్లో రూలు. కొన్నిసార్లు తల పైకెత్తేలోపే టక్కున ఆగుతుంది, ఆ టక్కుమనడం ఎంత హాయో అనుభవించినవాళ్లకే తెలుసు. కొన్నిసార్లు రెండోసారి ముంచితే గానీ ఆగదు, కొన్నిసార్లు ఎన్ని చేసినా ఆగదు. నా డైరీ ప్రకారం పదిసార్లలో ఆరేడుసార్లు ఆగింది, కానీ నా డైరీ నా ఒక్కదాని గుండెది, దాన్ని పట్టుకుని లెక్కలు వేయకండి.

మొన్న రాత్రి ఐసు లేదు, సాయంత్రం నుంచి కరెంటు పోతూ వస్తూ ఉంది. మా అమ్మాయి డీప్ ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన పాల ప్యాకెట్ తీసి తడి తువ్వాలులో చుట్టి తెచ్చింది. కళ్లు, ముక్కు, నుదురు కప్పేలా పెట్టుకుని ఊపిరి బిగబట్టాను. ఆగింది. తర్వాత ఆ పాలతోనే టీ పెట్టుకున్నాం, అది వేరే సంగతి. తువ్వాలు లేకుండా నేరుగా పెట్టొద్దు, చర్మం చచ్చుబడుతుంది.

నీళ్లు ఒక్కటే దారి కాదు. సిరంజితో చేసేది ఇంకొకటి ఉంది. 10 మిల్లీలీటర్ల ఖాళీ సిరంజిలోకి, దాని ప్లంజర్ కొంచెం కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి, సగం కూర్చుని సగం వాలి. ఊదడం అయిన వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు రెండూ పైకెత్తి పట్టుకోవాలి, ఇంకో 15 సెకన్లు. ఇంగ్లండ్‌లో 428 మంది మీద చేసి చూసి 2015లో ఫలితాలు ఇచ్చారు, కాళ్లెత్తితే 43 శాతం మందికి ఆగింది, కాళ్లెత్తకుండా ఉత్తగా ఊదితే 17 శాతం మందికే. మా ఆయన నా కాళ్లు పట్టుకునే ఏకైక సందర్భం ఇదేనని మా అత్తయ్య నవ్వుతుంది.

ఇక మా మామయ్య సంగతి. ఆయనకి 74. రెండేళ్ల క్రితం ఆయనకీ గుండె లయ తప్పుతోందని తేలింది, కానీ ఆయనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. నాది వేగంగానే అయినా గడియారంలా ఒకే లెక్కన కొట్టుకుంటుంది, ఆయనది చెయ్యి పట్టుకుని చూస్తే ఒక లెక్కా పత్రం ఉండదు, రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, మళ్లీ మూడు గబగబా. కోడలికి పనిచేసింది కదా అని ఒకరోజు నాకు చెప్పకుండా ఐసు బేసిన్ ముందు కూర్చున్నారు. పావుగంట ముంచుతూ లేస్తూ ఉన్నారట. మధ్యాహ్నానికి దడ తగ్గింది, "చూశావామ్మా, పనిచేసింది" అన్నారు. ఆయనకి అది అంతకుముందు కూడా రెండు మూడు గంటల్లో దానంతటదే తగ్గేది. దానంతటదే తగ్గేదానికి ఏం చేసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. ఆయన గుండెలో గానుగ ఒక్కటి కాదు, పైగది అంతా తలో దిక్కుకి తిరుగుతుంటుంది, గేటు దగ్గర ఆపితే అది ఆగదు. పైగా దడ తగ్గినా ఆయనకి అసలు ప్రమాదం తగ్గదు. పైగదిలో రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే పక్షవాతం వస్తుంది. అందుకే రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాల్సిందే, దానికి చల్లనీళ్లు బదులు కావు.

ఇంకా విచిత్రం, ఆయనకి చల్లటి నీళ్లే దడ తెస్తాయి. ఎండలోంచి వచ్చి ఫ్రిజ్ బాటిల్ ఎత్తి గటగటా తాగితే రెండుసార్లు మొదలైంది. అన్నవాహిక గుండె ఎడమ పైగదికి సరిగ్గా వెనకాలే ఆనుకుని ఉంటుంది, కొందరికి అలా అవుతుందని ఆయన కార్డియాలజిస్ట్ చెప్పారు. ఒకే ఫ్రిజ్, నాకు మందు, ఆయనకి జబ్బు.

అన్నట్టు, ముఖం ముంచడానికీ బిందెడు చన్నీళ్లు నెత్తిన కుమ్మరించుకోవడానికీ చాలా తేడా ఉంది. ఒళ్లంతా ఒక్కసారి చల్లనీళ్లు తగిలితే ఊపిరి ఎగపోసుకుంటాం, గుండె ఇంకా వేగం పెరుగుతుంది. ముఖం బ్రేకు వేస్తుంటే ఒళ్లు యాక్సిలరేటర్ తొక్కుతుందన్నమాట, రెండూ కలిస్తే బాగున్న గుండె లయ కూడా తప్పొచ్చు. అందుకే మామయ్య కార్తీక స్నానం గోరువెచ్చటి నీళ్లకి మార్పించాం, గోదావరికి వెళ్తానంటే అత్తయ్య ఒప్పుకోవట్లేదు.

కళ్లు గట్టిగా నొక్కితే తగ్గుతుందని పాతకాలంలో చేసేవారు, అది చేయకండి, కంటికి దెబ్బ. మెడ పక్కన రక్తనాళం రుద్దడం కూడా డాక్టరు చెయ్యాల్సిన పని. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పినట్టు అవడం ఏదైనా ఉంటే బేసిన్ వెతక్కుండా 108కి ఫోన్ చేయాలి. ఇంతవరకు మీ దడ ఏ రకమో ఈసీజీలో పడకపోతే ముందు అది పట్టించుకోండి, దడ వస్తున్నప్పుడే దగ్గర్లో ఎక్కడుంటే అక్కడికి వెళ్లి తీయించుకోండి. నాలుగేళ్లు నేను పోగొట్టుకున్నది అక్కడే.

నాకు అబ్లేషన్ చేయించుకోమంటున్నారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి ఆ నిదానం దారిని కాల్చేస్తారు, 95 శాతానికి పైగా మందికి పూర్తిగా పోతుందట, గేటు దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం చాలా అరుదట. దసరా సెలవుల్లో అనుకున్నాం. అప్పటిదాకా ఫ్రీజర్‌లో ఒక పాల ప్యాకెట్ నాది. దాని మీద మా అమ్మాయి స్కెచ్ పెన్‌తో "అమ్మ గుండెకి, ముట్టుకోవద్దు" అని రాసి పెట్టింది. నిన్న పొద్దున మామయ్య కళ్లజోడు పెట్టుకోకుండా దాంతోనే కాఫీ పెట్టించుకున్నారు.