దాతల బడ్జెట్‌లో మన కాలువ జాడ

సుంకేశుల దగ్గర తుంగభద్ర నీటిని అందుకుని కడప దాకా సాగే కె.సి. కెనాల్‌ను (కర్నూలు-కడప కాలువను) 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. శిథిలమైన ఆ కాలువ ఆధునికీకరణకు 1996లో జపాన్ ప్రభుత్వం సుమారు 1,600 కోట్ల యెన్‌ల రుణం మంజూరు చేసింది. విదేశీ సాయం ఒక ప్రభుత్వ బడ్జెట్ నుంచి బయలుదేరి మన పొలాల దాకా ఎలా చేరుతుందో తెలుసుకోవాలనుకునే కర్నూలు, కడప వాసులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. జిల్లా స్థాయిలో పద్దులు చూసే ఉద్యోగంలో చాలా ఏళ్లు గడిపిన నాకు ఈ లెక్కల మీద ఆసక్తి కలిగింది కూడా ఆ రుణం వల్లనే.

మన రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు తిరగేసినవారికి బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అనే మూడు గడుల సంగతి తెలుసు. మొదటి గడిలోని అంకెను చూసి డబ్బు వచ్చిందనుకునే అకౌంటెంటు ఎవరూ ఉండరు. దాత దేశాల లెక్క కూడా అదే తీరుగా నడుస్తుంది. పార్లమెంటు ఆమోదించిన కేటాయింపు ఒకటి, ఫలానా ప్రాజెక్టుకు ఇస్తామని ఒప్పందం మీద సంతకం చేసిన మొత్తం మరొకటి, నిజంగా విడుదలైన సొమ్ము ఇంకొకటి. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది చాలాసార్లు రెండోది. పని జరిగిందా లేదా అని తేల్చడానికి పనికొచ్చేది మాత్రం మూడోదే.

దాతల సాయం లెక్కలను పారిస్‌లోని ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ)కు చెందిన అభివృద్ధి సహాయ కమిటీ సేకరిస్తుంది. అధికారిక సాయం అంటే ఏమిటో నిర్వచించిందీ ఆ కమిటీయే. దాని పట్టికలో ఒక్కో వరుస ఒక్కో ప్రాజెక్టు: దాత దేశం, నిధులిచ్చిన సంస్థ, అందుకున్న దేశం, రంగాన్ని తెలిపే ఐదంకెల కోడ్, ఒప్పుకున్న మొత్తం, విడుదలైన మొత్తం. సాగునీటికి 31140 అనే కోడ్ ఉంది. ఇలాంటి పట్టికలో కాలువ రుణం వంటి దాని జాడ తీసేటప్పుడు సంస్థ పేరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆ రుణం ఇచ్చిన నాటి విదేశీ ఆర్థిక సహకార నిధి 1999లో జేబీఐసీ అనే జపాన్ ప్రభుత్వ బ్యాంకులో కలిసింది, జేబీఐసీ సాయం విభాగం 2008లో జైకా అనే జపాన్ ప్రభుత్వ సాయ సంస్థలో చేరింది. ఒకే కాలువ, ఒకే అప్పు, మూడు పేర్లు. ఒక్క పేరుతో వెతికితే కథ మధ్యలోనే తెగిపోతుంది.

తర్వాతి చిక్కు సంవత్సరాలది. జపాన్, బ్రిటన్‌ల ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్‌లో మొదలవుతుంది, అమెరికాది అక్టోబరులో, జర్మనీది జనవరిలో. ఓఈసీడీ పట్టికలు క్యాలెండరు సంవత్సరం ప్రకారం ఉంటాయి. కాబట్టి దాత బడ్జెట్‌లోని అంకె, పారిస్ పట్టికలోని అంకె, మన రాష్ట్ర బడ్జెట్‌లో విదేశీ సాయ ప్రాజెక్టుల కింద కనిపించే అంకె ఒకదానితో ఒకటి సరిపోలకపోయినంత మాత్రాన ఎవరో మింగేశారని అనుకోకూడదు. యెన్‌కు, రూపాయికి మధ్య మారకపు విలువ ఏటా మారుతూ ఉంటుంది కాబట్టి, ఏ తేదీ రేటుతో మార్చారో చూడకుండా పోల్చడం అన్యాయమే అవుతుంది.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. జపాన్ సాయంగా చూపే ఈ సొమ్ము మన పుస్తకాల్లో అప్పు, వడ్డీతో తిరిగి చెల్లించవలసినది. సులభ షరతుల రుణాలను సాయంగా లెక్కించే పద్ధతి చాలాకాలం ఉదారంగానే సాగింది. రుణంలో ఉచితంగా వచ్చే భాగాన్ని మాత్రమే లెక్కించే విధానాన్ని 2018 లెక్కల నుంచి అనుసరిస్తున్నారు. నా దృష్టిలో ఇది చాలా ముందే జరగవలసిన మార్పు.

దాత దేశం దాటని సాయం కూడా ఉంది. దాత దేశాలు తమ గడ్డకు వచ్చిన శరణార్థులపై మొదటి ఏడాది పెట్టే ఖర్చును సాయంగా చూపవచ్చు. 2022లో బ్రిటన్ సాయంలో దాదాపు 29 శాతం అలా స్వదేశంలోనే ఖర్చయింది. శరణార్థులను ఆదుకోవడం మంచి పనే, అయితే ఆ సొమ్మును పేద దేశాలకు పంపినట్లు చూపడం సరికాదు.

దీనికి భిన్నంగా, అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టుకు స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు ఇచ్చే విరాళాలు ఎంత పెద్దవైనా, అవి ప్రభుత్వ సొమ్ము కావు కనుక స్పెయిన్ అధికారిక సాయం లెక్కలో కనిపించవు. ఊరికి అందినది ఉండి, బడ్జెట్‌లో లేనిది ఇది. ఐఫాడ్ (ఐక్యరాజ్యసమితి వ్యవసాయాభివృద్ధి నిధి) వంటి అంతర్జాతీయ సంస్థల ద్వారా వచ్చే నిధుల సంగతి ఇంకో తీరు. దాత బడ్జెట్‌లో ఆ సంస్థకు ఇచ్చిన చందా మొత్తం మాత్రమే ఉంటుంది, అది ఏ జిల్లా చెరువుకు వెళ్లిందో చూడాలంటే ఆ సంస్థ ప్రాజెక్టు పత్రాల్లోకి వెళ్లక తప్పదు.

ఈ లెక్కలను దాత దేశాలనే నేరుగా అడిగే దారి కూడా ఉంది. మన సమాచార హక్కు చట్టం కింద భారత పౌరులు మాత్రమే అడగగలరు. బ్రిటన్ చట్టం కింద గానీ, జపాన్ చట్టం కింద గానీ ఏ దేశస్థులైనా అడగవచ్చు. కర్నూలులో కూర్చుని లండన్‌కు, టోక్యోకు దరఖాస్తు పెట్టుకునే వీలు మనకు ఉందన్నమాట. అడిగేటప్పుడు ప్రాజెక్టు పేరు, ఒప్పందం తేదీ రాసి, ఏ ఏడాది ఎంత విడుదలైందో ఏ కరెన్సీలో విడుదలైందో ఆ కరెన్సీలోనే ఇవ్వమని కోరండి. ఆ జాబితాను మన ఆర్థిక శాఖ లెక్కల పక్కన పెడితే, ఏ ఏడాది సొమ్ము ఎక్కడ ఆగిందో వరుసవారీగా చూడవచ్చు.