పడవ మీదికి స్పాట్‌లైట్ కొంటున్నారా? ల్యూమెన్లు పక్కన పెట్టండి

చంద్రుడు లేని రాత్రి. మూరింగ్ బోయాని (పడవని కట్టేయడానికి నీళ్లలో తేలుతుండే బుడ్డి) అందుకోవడానికి నేను పడవ ముందుకొనకి వెళ్లి కొత్తగా కొన్న స్పాట్‌లైట్ వెలిగించాను. పెట్టె మీద ఐదంకెల ల్యూమెన్లు రాసున్న లైటు అది. వెలిగించగానే రెయిలింగ్ స్టీలు గొట్టాలు, తెల్లటి డెక్, చుట్టి కట్టిన ముందు తెరచాప అన్నీ పట్టపగల్లా మెరిసిపోయాయి, వాటి అవతల మాత్రం నల్లగుడ్డ కట్టినట్టు ఏమీ లేదు. వెనక చుక్కాని పట్టుకున్న నా స్నేహితుడు “ముందా లైటు ఆపరా, నాకేం కనబడట్లేదు” అని అరిచాడు. ఆపాను. ఆపాక ఇంకా కష్టమైంది, అంతకు ముందు నక్షత్రాల వెలుగులో మసకగానైనా కనిపించిన నీళ్లు కూడా మా ఇద్దరికీ కనబడకుండా పోయాయి.

చీకటికి కళ్లు బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటు పోవడానికి ఒక్క క్షణం చాలు. సెయిల్ బోట్‌లో చుట్టూ ఉన్నవన్నీ తెల్లవీ మెరిసేవే కాబట్టి, దూరంగా వెళ్లాల్సిన వెలుగులో కాస్త పక్కకి చిందినా అది నేరుగా మన కళ్లలోకే తిరిగొస్తుంది. అందుకే ఎంత వెలుగు అన్నదాని కంటే ఆ వెలుగు ఎటు పోతోంది అన్నదే ముందు చూడాలి.

ల్యూమెన్ అంటే లైటు నుంచి అన్ని వైపులకీ కలిపి బయటికొచ్చే మొత్తం వెలుగు. కాండెలా అంటే ఒక దిక్కుకి అది ఎంత చిక్కగా వెళ్తోందన్నది. మనకి కావాల్సింది రెండోది. మంచి లైట్ల పెట్టె మీద ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే టార్చిలైట్ల ప్రమాణం ప్రకారం బీమ్ దూరం కూడా రాస్తారు, వెలుగు 0.25 లక్స్‌కి పడిపోయే దూరం అది, అంటే సుమారుగా నిండు పున్నమి వెన్నెలంత. లెక్క తేలికే: కాండెలాకి వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10,000 కాండెలాకి 200 మీటర్లు, 40,000కి 400. దూరం రెట్టింపు కావాలంటే కాండెలా నాలుగింతలు కావాలన్నమాట. పైగా ఆ వెలుగు అంత దూరం వెళ్లి వస్తువుని తాకి మళ్లీ మన కంటి దాకా రావాలి, గాలిలో తుంపరలుంటే మధ్యలోనే చెదిరిపోతుంది, అందుకని పెట్టె మీద రాసిన దూరంలో సగం కంటే ఎక్కువ నేనెప్పుడూ నమ్మను.

అలాగని మరీ సన్నటి బీమ్ కూడా పనికిరాదు. అలల మీద పడవ ఊగుతుంటే చిన్న వెలుగు చుక్కని బోయా మీద నిలపడం నరకం. మధ్యలో గట్టి వెలుగు, చుట్టూ చాలా తక్కువ చిందు, లోతైన రిఫ్లెక్టర్ ఉన్నది నాకు బాగా కుదిరింది. ఉన్న లైటే ఎక్కువగా చిందిస్తుంటే మందపాటి నల్ల రబ్బరు షీటుని దాని మూతి చుట్టూ నాలుగు వేళ్ల పొడవు గొట్టంలా చుట్టి టేపు వేయండి. నేను పాత లైటుకి అలాగే చేశాను, మర్నాటి రాత్రి రెయిలింగ్ కనబడకుండా బోయా కనబడింది. (ఎక్కువసేపు ఫుల్ మీద ఉంచకండి, లైటు వేడి బయటికి పోవాలి.)

ఇంకో ముఖ్యమైన సంగతి. లైఫ్ జాకెట్ల మీద, లైఫ్ రింగుల మీద ఉండే వెండి రంగు రిఫ్లెక్టివ్ టేపు వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. కాబట్టి లైటుని నడుం దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు కంటికి తక్కువగా అందుతుంది. కణత పక్కన, కంటి ఎత్తులో పట్టుకుంటే మామూలు టార్చికి కూడా నీళ్లలో ఆ ముక్క నిప్పురవ్వలా మెరుస్తుంది. మనిషి నీళ్లలో పడ్డప్పుడు కావాల్సింది ఇదే. పడవలో అందరి చేతా ఒకసారి చేయించి చూడండి.

నీటి విషయానికొస్తే, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగుల్లో ఐపీఎక్స్4 అంటే చిలకరింపులు తట్టుకుంటుందని మాత్రమే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. నేను దానికి తక్కువ కొనను. అదీ మంచినీటి పరీక్షే, ఉప్పు సంగతి వేరు, ఛార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూత సరిగ్గా కూర్చోకపోతే లోపల పచ్చగా చిలుము పడుతుంది. వాడాక మంచినీటితో తుడవండి.

మా ఇంతకు ముందు లైటులో లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండేది. కొన్ని నెలలు ఛార్జ్ చేయకుండా అరలో వదిలేస్తే అవి పాడైపోతాయి, మాదీ అలాగే పోయింది, అదీ సరిగ్గా అవసరమైన రాత్రే తెలిసింది. 12 వోల్టుల ప్లగ్గుతో వచ్చే హాలోజెన్‌వి కూడా వాడాం. 100 వాట్లదైతే 8 ఆంపియర్లకి పైనే లాగుతుంది, వైరు తాళ్లు బిగించే వించ్‌కి చుట్టుకుంటుంది, ముందుకొన దాకా అందదు. ఇప్పుడైతే 18650 గానీ 21700 గానీ (లిథియం సెల్లుల సైజులివి), సెల్లు మార్చుకోగలిగే ఎల్‌ఈడీనే తీసుకోమంటాను. ఒక్కటే జాగ్రత్త, గరిష్ఠ వెలుగు చాలావాటిలో కాసేపటికే వేడి వల్ల తగ్గిపోతుంది, కాబట్టి తర్వాత నిలకడగా ఎంత ఇస్తుందో చూసి కొనండి.

స్విచ్ నొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి. ఆఫ్ చేయడానికి నాలుగు మోడ్‌లు దాటాల్సినవి వద్దు, ఆ మోడ్‌లలో మినుకుమినుకుమనే స్ట్రోబ్ ఉంటే అసలే వద్దు. ఓడలు ఢీకొనకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ సముద్ర నియమాల్లో 36వది దృష్టిని ఆకర్షించడానికి స్ట్రోబ్ లాంటి లైట్లు వాడొద్దంటుంది. అదే నియమం, ప్రమాదం ఉన్న దిక్కుకి సెర్చ్‌లైట్ చూపించవచ్చు గానీ ఏ ఓడకీ ఇబ్బంది కలగకుండా చూపించమంటుంది. అందుకే పెద్ద ఓడ దగ్గరికొస్తుంటే దాని బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీదికి కొట్టకుండా, మేము వాళ్లకి కనబడేలా నేను మా తెరచాప మీదే వెలుగు వేస్తాను, ఒక కన్ను మూసుకుని. మూసిన కన్నుకి చీకటి అలవాటు పోదు.

అయస్కాంతం ఉన్న లైట్లని, ఛార్జర్ అయస్కాంతంతో అతుక్కునేవైనా సరే, దిక్సూచి దగ్గర పెట్టకండి, సూది పక్కకి తిరుగుతుంది. మా లైటు ఇప్పుడు మెట్ల పక్కన కొక్కేనికి వేలాడుతుంది, చీకట్లో తడిమితే చేతికందేలా. తేలే రకం కాదు కాబట్టి దానికి కట్టిన తాడు మణికట్టుకి తగిలించుకున్నాకే ఎవరైనా డెక్ మీదికి తీసుకెళ్తారు.