చంటిపిల్ల వచ్చాక నా సినిమా అలవాట్లు: ఇప్పటిదాకా ఏం మారింది

పాపకి మూడో ఏడు నడుస్తోంది. తను పుట్టకముందు నాకు సినిమా అంటే హాల్లో చూసేదే, అదీ తెర నుంచి మూడింట రెండొంతులు వెనక్కి, సరిగ్గా మధ్యలో సీటు దొరికితేనే. హాల్లో సౌండ్ సెట్ చేసేటప్పుడు మైకు పెట్టి కొలిచేది దాదాపు ఆ చోటే కాబట్టి అన్ని వైపుల నుంచి వచ్చే శబ్దం అక్కడ సమంగా వినిపిస్తుంది. ఇప్పుడు వాటిలో ఏది మిగిలింది, ఏది పోయింది, పోయినదాని బదులు ఏం వచ్చింది అని రాసుకుంటున్నాను. సినిమా పిచ్చి ఉండి కొత్తగా అమ్మో నాన్నో అయినవాళ్లకి పనికొస్తుంది.

చేతిబిడ్డగా ఉన్నన్నాళ్లూ పాపని హాలుకి తీసుకెళ్లలేదు. "నిద్రపోతూనే ఉంటుంది కదా, ఎత్తుకుని వెళ్లిపో" అని చాలామంది అన్నారు. నిద్రపోతుంది, నిజమే, కానీ చెవులు తెరిచే ఉంటాయి. హాళ్లలో ఒక్కో మెయిన్ స్పీకర్ని 85 డెసిబెల్స్ దగ్గర సెట్ చేస్తారు, దాని మీద ఇంకో 20 వరకు ఖాళీ ఉంచుతారు, అంటే పేలుడు సీన్లో ఒక క్షణం 105 దాకా పోవచ్చు. పనిచేసే చోట శబ్దం గురించి అమెరికాలో నియోష్ సంస్థ పెద్దవాళ్లకి పెట్టిన లెక్క చూస్తే 85 దగ్గర రోజుకి 8 గంటలు మించకూడదు, తర్వాత ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం, అలా 100 దగ్గరకి వచ్చేసరికి 15 నిమిషాలే. అది పెద్దవాళ్ల చెవికి. లైట్లు కొంచెం వేసి, సౌండ్ తగ్గించి చంటిపిల్లల తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా వేసే షోలు కొన్ని దేశాల్లో ఉన్నాయి, మీకు అందుబాటులో ఉంటే అది వేరే సంగతి.

ఆ నెలల్లో ఇంట్లో చూడటం నేర్చుకున్నాను. నేర్చుకోవడం అనే మాట కావాలనే వాడుతున్నాను, ఎందుకంటే సినిమాని ఏకబిగిన చూడాలనే పట్టుదల వదిలేయడానికి నాకు చాలా టైం పట్టింది. దారి చూపించింది పాత రీళ్ల లెక్కే. 35 ఎంఎం ఫిల్ము వెయ్యి అడుగులంటే సెకనుకి 24 ఫ్రేముల వేగంతో సుమారు 11 నిమిషాలు. చాలా హాళ్లలో రెండు వేల అడుగుల రీళ్లని, అంటే ఒక్కోటి సుమారు 20-22 నిమిషాల చొప్పున, రెండు ప్రొజెక్టర్ల మీద మార్చి మార్చి వేసేవారు. మార్చాల్సిన సమయం తెలియడానికి తెర మీద కుడివైపు పై మూలలో చిన్న చుక్క మెరిసేది. రీలు చివర వీలైనంతవరకు సీను మారే చోట పడేలా చూసుకునేవారు. కాబట్టి నేనూ సినిమాని రీళ్లుగా చూస్తున్నాను, పాప పడుకున్నాక ఒక రాత్రికి రెండు, ఓపిక ఉంటే మూడు.

దానికి నేను పెట్టుకున్న కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. పాప ఏడ్చినా సరే, అవతల మా ఆయన ఉంటే సీను పూర్తయ్యాకే ఆపుతాను. ఆపిన నిమిషం, చివరి షాట్, ఆ క్షణానికి ముఖ్యపాత్రకి ఏం కావాలి, ఈ మూడూ నోట్‌బుక్‌లో ఒక్క లైనులో రాస్తాను. మర్నాడు రెండు నిమిషాలు వెనక్కి జరిపి మొదలుపెడతాను, మధ్యలో వారం గ్యాప్ వస్తే మాత్రం మళ్లీ మొదటి నుంచే. ఒకటి పూర్తవకుండా ఇంకోటి మొదలుపెట్టను. టీవీలో నైట్ మోడ్ ఆన్ చేస్తే గట్టి శబ్దాలు తగ్గి మాటలు పైకి వస్తాయి, పక్క గదిలో పిల్ల పడుకున్న ఇంటికి అంతకంటే మంచి సెట్టింగ్ లేదు. మోషన్ స్మూతింగ్ (టీవీ తనే మధ్యలో ఫ్రేములు కలిపి కదలికని నున్నగా చేసే సెట్టింగ్) అనేది ఉంటే ఎప్పటికీ ఆఫ్‌లోనే ఉంచండి, ఇది పిల్లలు లేనివాళ్లకి కూడా. సబ్‌టైటిల్స్ మన భాష సినిమాకైనా వేసుకుంటాను.

అన్ని సినిమాలూ ఇలా ముక్కలకి ఒప్పుకోవు. పొడుగాటి షాట్లతో, నిశ్శబ్దంతో మెల్లగా మనల్ని లోపలికి లాక్కునే సినిమాని రీళ్లుగా చూస్తే దానికి అన్యాయం చేసినట్టే. వాటిని పక్కన రాసి పెట్టుకుంటున్నాను, హాలు వంతు వచ్చినప్పటికి.

వంతు అంటే, ఒక వారాంతం నాది, ఇంకోటి మా ఆయనది. ఒకరు ఇంట్లో, ఒకరు హాల్లో. ఒకే సినిమాని ఇద్దరం వేరువేరుగా చూసి తర్వాత మాట్లాడుకుంటాం, పక్కపక్కన కూర్చుని చూసిన రోజులకంటే ఇప్పటి మా వాదనలే బాగుంటున్నాయి. పక్కవాళ్లు ఎక్కడ నవ్వారో తెలియదు కాబట్టి ఎవరి సినిమా వాళ్లదే. టైం లెక్క మాత్రం నిక్కచ్చిగా వేసుకోవాలి: వంద నిమిషాల సినిమాకి రానూపోనూ ప్రయాణం, ముందు వేసే యాడ్స్ కలిపితే మూడు గంటలు. అందుకే పొద్దున్న షో. సీటు ఇప్పుడు నడవా పక్కన, ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఇంటి నంబరుకి మాత్రం వైబ్రేషన్ ఉంచుతాను. టెన్షన్ లేకుండా తెర చూడగలిగితే మధ్యలో సీటు పోయినా నష్టం లేదు. తెర పెద్దదనం, సౌండ్ అవసరమైన సినిమాకే వంతు ఖర్చు పెడతాను, ట్రైలర్లు చూడటం పూర్తిగా మానేశాను.

ఇక పాప. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకి గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. రెండు నిండేదాకా మేం ఏమీ చూపించలేదు. తర్వాత సినిమా మొదలైన చోటు నుంచే మొదలుపెట్టాను. లూమియర్ సోదరులు 1895 డిసెంబర్ 28న పారిస్‌లో వేసిన తమ మొట్టమొదటి టికెట్ షోలో, ఇద్దరిలో అన్న అయిన ఆగస్ట్, భార్యతో కలిసి తన పసికూతురికి తినిపించే ముక్క ఒకటి ఉంది, నిమిషం కూడా ఉండదు. పాప దాన్ని చూసి "మళ్లీ" అంది. నూట ముప్పై ఏళ్ల నాటి పాప, మా పాప ఒకరినొకరు చూసుకుంటున్నట్టు అనిపించి నాకు చాలా సంతోషమేసింది. వెనకాల గాలికి ఆకులు కదలడం కూడా తనకి చూపించాను. ఇంకాస్త పెద్దయ్యాక 1956 నాటి ఫ్రెంచ్ సినిమా 'ద రెడ్ బెలూన్' చూపించాలి, 34 నిమిషాలే, మాటలు దాదాపు ఉండవు.

హాలుకి తీసుకెళ్లడం ఆ తర్వాతే. 90 నిమిషాల లోపు సినిమా, పొద్దున్న షో, స్పీకర్లకి దూరంగా నడవా సీటు, చెవుల మీద పిల్లల ఇయర్‌మఫ్స్ (చెవులు మొత్తం మూసి శబ్దం తగ్గించేవి). ఇయర్‌మఫ్స్ ఇప్పటి నుంచే ఇంట్లో ఆటలా పెట్టిస్తున్నాను, అలవాటైతే హాల్లో లాగేయదు. ఇయర్‌ప్లగ్స్ వద్దు, ఈ వయసులో నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. పాప మధ్యలో వెళ్లిపోదాం అంటే ఒక్క మాట అనకుండా లేచి వచ్చేస్తాం, మిగతా సగం నా వంతులో నేను వెళ్లి చూసుకుంటాను.