పొట్టు పొయ్యి దగ్గర మా పిల్లలు

అమెరికాలోని వెర్మాంట్‌లో మా ఇంటికి చలికాలమంతా కట్టెల స్టౌ ఒక్కటే దిక్కు. పడుకునే ముందు వేసిన కట్టెలు తెల్లారేదాకా నిలవాలి. ఆ బాధ్యత పిల్లలిద్దరిదీ. తెలుగు క్లాసులకు మొహం ముడుచుకునే వీళ్లకు చేతికి పని ఇస్తే భాష దాని వెనకే వస్తుందని నా నమ్మకం. గుంటూరులో మా అమ్మ దగ్గర అది కళ్లారా చూశాను.

బ్రాడీపేటలో మాది పాత ఇల్లు, పెరడు ఇంకా మిగిలే ఉంది. వంటకు గ్యాసే. స్నానాల నీళ్లు మాత్రం, గీజరున్నా సరే, పొట్టు పొయ్యి మీద కాగాల్సిందే. అమ్మ రేకు డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ రంపప్పొట్టు పోసి, పిడికిలితో గట్టిగా కూరింది. రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి లాగి, అడుగున పక్క కన్నంలో చిన్న పుల్ల పెట్టి అంటించింది.

"లూజుగా కూరితే ఏమవుతుంది నానమ్మా?" అన్నాడు పెద్దాడు.

"కూలిపోద్ది నాన్నా. లేదా భగ్గున మండి తొందరగా అయిపోద్ది."

వాడికి వెంటనే అర్థమైంది. స్టౌలోనూ అంతే. సన్న పుల్లలు సందులు వదిలి పేర్చితే గాలి తగిలి ఇట్టే కాలిపోతాయి. లావు దుంగలు దగ్గర దగ్గరగా పేరిస్తే ఎక్కువసేపు వస్తాయి. అలాగని వేసిన వెంటనే గాలి మూసేయకూడదు. ముందు బాగా రాజుకోనిచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గించాలి. తొందరపడితే కట్టె పొగచూరి, గొట్టం లోపల తారులాంటి క్రియోసోట్ పేరుకుంటుంది. దానికి నిప్పంటుకుంటే ఇల్లే పోవచ్చు. ఇదంతా వాడు సగం తెలుగులో, సగం చేతులతో చెప్పాడు.

కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలని, ఓక్ అయితే చీల్చి పేర్చాక ఆరడానికి సుమారు రెండేళ్లు పడుతుందని చెబితే అమ్మ నమ్మలేదు. "రెండేళ్లా! మన రోహిణి కార్తె ఎండలో వెయ్యి, ఎందుకు ఆరవో చూద్దాం."

స్టౌ తలుపు సందుల్లోంచి గాలి దూరినా కట్టె నిలవదు. అందుకే తలుపు చుట్టూ ఉండే తాడు అరిగిందేమో చూసే పద్ధతి కూడా నానమ్మకు చూపించాడు. పది రూపాయల నోటు బీరువా తలుపులో పెట్టి మూసి లాగితే జర్రున వచ్చేసింది. స్టౌకి అలా వస్తే తాడు మార్చాలన్నమాట. "బీరువా సంగతి ఊరంతా చెప్పకురా," అంది అమ్మ.

చిన్నదానికి మాత్రం దాలి కథ నచ్చింది. అమ్మ చిన్నప్పుడు పల్లెలో పిడకల దాలి మీద పాలకుండ పొద్దస్తమానం కాగేదట, మీగడ ఎర్రగా కట్టేదట. నిప్పుల మీద బూడిద కప్పితే మర్నాటికీ ఉంటాయని విని, "అందుకే మా బూడిద బకెట్ ఇనుపది, మూత కూడా ఉంటుంది," అంది. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పులు రోజుల తరబడి ఉంటాయి. చెక్క వరండాలో పెడితే అంతే సంగతులు.

"అంత బూడిద పారబోస్తారా? గిన్నెలు తోముకోవచ్చుగా!" అమ్మ బాధ అమ్మది.

ఇప్పుడు వీడియో కాల్‌లో ఆవిడ మొదటి ప్రశ్న భోజనం గురించి కాదు, రాత్రి నిప్పు నిలిచిందా అని. "నిలిచేదే నానమ్మా," అంటుంది చిన్నది, "అన్నయ్య ఊరికే తలుపు తీసి చూస్తున్నాడు."