రక్షణ పొందిన తేదీ: ఎనిమిది గడులు

నిన్న బైబిలు కాలేజీ సెలక్షన్ లిస్టులో నా పేరు చూసుకున్నాను. రెండో ప్రయత్నం. ఇప్పుడే రాసేయాలి. లేకపోతే రేపు సంఘంలో నిలబడి "ప్రభువు నడిపించాడు" అని ఒక్క ముక్కలో సాక్ష్యం ముగించి, అసలు జరిగింది మింగేస్తాను.

అప్లికేషన్, పాస్టరు గారి సిఫారసు ఉత్తరం, మెడికల్ సర్టిఫికెట్, వీటిలో ఏ ఇబ్బందీ లేదు. రాత పరీక్ష సంగతి అడగొద్దు. పన్నెండుమంది చిన్న ప్రవక్తల్ని మలాకీ నుంచి హోషేయ దాకా వెనక్కి చెప్పగలను. రెండుసార్లూ మొదటి మార్కు నాదే. గొప్పలంటారా, గొప్పలే.

నన్ను పడగొట్టింది అప్లికేషన్ రెండో పేజీలో ఒక్క వరస. "రక్షణ పొందిన తేదీ." అంటే యేసయ్యను నమ్ముకుని పాపక్షమాపణ పొందిన రోజు. పక్కన ఎనిమిది గడులు: రోజుకి రెండు, నెలకి రెండు, ఏడాదికి నాలుగు.

నేను విశ్వాసుల ఇంట్లో పుట్టినవాణ్ణి. యేసయ్యను నమ్మని రోజంటూ నాకు గుర్తులేదు. బాప్తిస్మం తేదీ ఉంది గానీ, బాప్తిస్మమే రక్షణ కాదని చిన్నప్పటి నుంచి విన్నాను. ఉజ్జీవ కూటాల్లో "ప్రభువును అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నప్పుడల్లా ఎత్తాను, తక్కువలో తక్కువ ఆరుసార్లు. మొదటిది లెక్కా, ఆఖరిదా? పక్కన కూర్చున్న కుర్రాడు టకటకా నింపేసి, గంటతో సహా చెబుతానన్నాడు. గడులు ఖాళీగా ఉంటే ఫారం తిప్పి కొడతారేమోనని నేను 12-08-2014 అని రాశాను. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయంటే చెప్పలేను. చేతికొచ్చాయి, రాశాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు. మధ్యన కూర్చున్న పెద్దాయన ఆ పేజీ తీశారు.

"ఎలా జరిగింది బ్రదర్?"

"ఆదివారం ఆరాధనలోనండి. వాక్యం వింటుంటే హృదయం కదిలింది."

ఆయన ఫోను తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, క్యాలెండరు వెనక్కి వెనక్కి జరుపుకుంటూ పోయారు. అంత సేపు నేను నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను.

"మంగళవారం" అన్నారు.

ఎర్ర పెన్ను తీసి ఆ ఎనిమిది గడుల చుట్టూ సున్నా చుట్టారు. దాని మీదే ఇంకోసారి, మెల్లగా. "మెథడిస్టు సంఘాల మూలపురుషుడు జాన్ వెస్లీకి, తను రక్షణ పొందింది 1738 మే 24 రాత్రి తొమ్మిదికి పావుగంట తక్కువప్పుడని తెలుసు. నీకు వారం కూడా తెలీదు. ముందు రక్షణ పొందు, తర్వాత సేవకు రా." తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళంతా విన్నారు. గంటతో సహా చెప్పే కుర్రాడు కూడా.

అబద్ధమాడాను, తిట్లు తిన్నాను, అక్కడితో అయిపోతే బాగుండేది. ఇంటికొచ్చాక ఆ మాట పట్టుకుంది. మత్తయి 7లో "ప్రభువా, ప్రభువా" అంటూ వచ్చి, నేను మిమ్మల్ని ఎరుగనని అనిపించుకున్నవాళ్ళు సేవ చేసినవాళ్ళే కదా. తప్పిపోయినవాళ్ళు మళ్ళీ మారుమనస్సు పొందడం అసాధ్యమనే హెబ్రీ 6 చదివితే ఒళ్ళు వణికేది. ప్రతి రాత్రీ మొదటిసారి అన్నట్టు మారుమనస్సు ప్రార్థన చేసి పడుకోవడం, పొద్దున లేవగానే అది పనిచేసిందా అని వెతుక్కోవడం. ఇలా నాలుగు నెలలు.

పాస్టరమ్మగారికి చెప్పేశాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "అబద్ధమాడిన రాత్రి నిద్ర పట్టిందా నాన్నా?" అన్నారు. లేదన్నాను. "పరిశుద్ధాత్మ లేనివాడికి అంత బాధ ఎందుకు?" అన్నారు. దేవుడంటే నమ్మకం లేనివాళ్ళకీ మనస్సాక్షి ఉంటుందిగా అమ్మగారూ అని ఎదురు చెప్పాను. ఆవిడ నవ్వి, "అయితే నీ మనసుని అడగడం మానేసి యోహానుని అడుగు. మొదటి పత్రిక ఐదు అధ్యాయాలు, రోజూ మొత్తం చదువు" అని పంపేశారు.

చదివాను. సహోదరులను ప్రేమిస్తున్నాం గనుక మరణంలో నుంచి జీవంలోకి దాటామని తెలుసుకుంటాం అన్నచోట (3:14) ఆ ఎర్ర పెన్ను పెద్దాయన కళ్ళముందుకొచ్చి కూర్చున్నారు. ఆయనమీద ప్రేమా? ఆరు వచనాలు దిగితే, మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని ఉంది. అక్కడ నేను ఏడ్చాను. అదే నా రక్షణ తేదీ అనుకుంటారేమో, కాదు. అప్పటికే ఉన్నదాన్ని ఆ రోజు చూసుకున్నాను, అంతే.

వెస్లీ సంగతి కూడా చదివాను, కచ్చతోనే. ఆయన గురువుగా అభిషేకం పొందింది 1728లో. అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్ళింది 1735లో. అంటే "ముందు రక్షణ, తర్వాత సేవ" వరస ఆయన దగ్గరే తప్పింది. పైగా ఆ మే నెల రాత్రి గడిచాక, 1739 జనవరి 4న, తాను క్రైస్తవుణ్ణి కానని తన దినచర్యలో రాసుకున్నాడు. ఎవరి తేదీ అయినా సాక్ష్యంగా చూపేముందు దాని తర్వాతి పేజీ కూడా తిప్పండయ్యా. పౌలు శిష్యుడు తిమోతికైతే ఏ తేదీ ఉంది? అమ్మమ్మ లోయి, తల్లి యునీకే, బాల్యం నుంచి లేఖనాలు.

మీరు కూడా ఇలాంటి ఇంటర్వ్యూకి వెళ్తుంటే, ఇంకొకరి సాక్ష్యం అరువు తెచ్చుకోకండి. ఫారం నింపేటప్పుడు గంట చెప్పేవాళ్ళ పక్కన అసలు కూర్చోకండి.

ఈసారి గడుల మీద అడ్డగీత కొట్టి, కింద "తేదీ తెలియదు. పోయినసారి రాసింది అబద్ధం" అని రాశాను. వద్దురా, ఆ పెద్దాయనకి గుర్తుండదు అని స్నేహితులు చెప్పారు. ఆయనకి గుర్తుంది. రెండుసార్లు చదివారు.

"మరి రక్షణ ఉందని ఎలా తెలుసు?"

1 యోహాను 5:13 చెప్పాను. నిత్యజీవం ఉందని మనం "తెలిసికొనునట్లు" రాశాడే గానీ, ఎప్పుడొచ్చిందో చెప్పమని అడగలేదండీ అన్నాను. గొంతు వణికింది.

"సేవకు పిలుపు?"

"దేవుడు పిలిస్తే, యాజకుడు ఏలీ పిలిచాడనుకుని బాల సమూయేలు మూడుసార్లు ఆయన దగ్గరికి పరిగెత్తాడండి. నాది ఎన్నోసారో తెలీదు. సంఘ పెద్దలు మాత్రం ఏడాది కిందట సండే స్కూల్ నాకు అప్పజెప్పారు. పిల్లలు మానకుండా వస్తున్నారు."

ఆయన ఇంకేమీ అడగలేదు. పెన్నుకి మూత పెట్టి, "వెళ్ళిరా బాబూ" అన్నారు. బ్రదర్ అనలేదు. అది మంచికో చెడుకో లిస్టు వచ్చేదాకా అర్థం కాలేదు.

లిస్టుతో పాటు అడ్మిషన్ ఫారం చేతికిచ్చారు. మూడో పేజీలో మళ్ళీ అదే వరస, ఎనిమిది గడులు.