రెండు ‘చి’లు ఉన్న శుభలేఖ

2022 వేసవిలో, వైశాఖ మాసపు పెళ్లిళ్ల ఒత్తిడికి మా ప్రెస్సు రాత్రి పది దాకా నడుస్తున్న రోజుల్లో, ఇద్దరు యువకులు వచ్చి నూట యాభై శుభలేఖలు కావాలని అడిగారు. వరుడి పేరు, వధువు పేరు, తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం, వేదిక రాసి ఇవ్వమని అలవాటు ప్రకారం కాగితం వారి ముందుకు జరిపాను. వారు రాసి ఇచ్చిన రెండు పేర్లూ మగవారివే. ముహూర్తం ఉండవలసిన చోట ‘సాయంత్రం 6 గంటలకు’ అని మాత్రమే ఉంది. నేను ఆ కాగితాన్ని కొంతసేపు చూసి, ఆర్డర్లు నిండిపోయాయని, నెలాఖరు దాకా కొత్త పని తీసుకోలేనని చెప్పాను. వారు వాదించలేదు. నమూనా పుస్తకాన్ని మూసి, ఎక్కడి నుంచి తీశారో అక్కడే పెట్టి వెళ్లిపోయారు. వారు మెట్లు దిగిన పావుగంటకే ఇంకొకరి దగ్గర ఐదు వందల కార్డుల ఆర్డరు తీసుకున్నాను.

నాన్నగారి కాలం నుంచి మా దగ్గర మెషీను నడుపుతున్న చాచా ఇదంతా చూస్తూనే ఉన్నారు. సాయంత్రం టీ తాగుతూ ఒకే ఒక్క మాట అడిగారు: “పైసలిచ్చెటోళ్లను ఎందుకు వాపస్ పంపినవ్ బాబూ?” మన ధర్మం ఒప్పుకోదు కదా అన్నాను. ఆయన నవ్వలేదు, మందలించనూ లేదు. గోడకు వేలాడదీసిన నమూనా కార్డుల వైపు ఒకసారి చూసి, టీ గ్లాసు పక్కన పెట్టి లేచిపోయారు.

ఆ గోడ గురించి చెప్పాలి. మాది ఛత్తా బజారు. హైదరాబాదులో పెళ్లి కార్డు అనగానే జనం వెతుక్కుంటూ వచ్చే వీధి అది. ఐదు పూటల నమాజు తప్పని చాచా, దశాబ్దాలుగా ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అనే పంక్తి కింద వినాయకుడి బొమ్మ సరిగ్గా మధ్యకు వచ్చిందా లేదా అని స్కేలు పెట్టి చూస్తున్నారు. పూజ చేయనిదే షట్టరు ఎత్తని మా నాన్నగారు, పైన 786 అంకె వేసిన ఉర్దూ రుక్కాలను, బైబిలు వాక్యం ఉన్న కార్డులను, దేవుడి ప్రస్తావనే లేని దండల పెళ్లి ఆహ్వానాలను ఒకే ధరకు అచ్చు వేశారు. నేను మూఢంలో జరిగిన పెళ్లిళ్లకు కార్డులు వేశాను, సగోత్రీకుల పెళ్లికి వేశాను, విడాకుల తరువాతి పెళ్లిళ్లకు వేశాను. కట్నం ఎంతో బేరం మా బల్ల దగ్గరే తేలిన పెళ్లికి కూడా వేశాను. వీటిలో ఏ ఒక్కచోటా నా ధర్మం నాకు గుర్తుకు రాలేదు.

మరుసటి ఏడాది, 2023 జూన్ 30న, అమెరికా సుప్రీంకోర్టు ‘303 క్రియేటివ్’ కేసులో తీర్పు ఇచ్చిందన్న వార్త చదివినప్పుడు ఆ సాయంత్రం మళ్లీ గుర్తుకు వచ్చింది, ఎందుకంటే ఆ కేసు పెట్టిన మహిళది దాదాపు నా వృత్తే. కొలరాడో రాష్ట్రంలో వెబ్‌సైట్లు రూపొందించే ఆమె, పెళ్లిళ్లకు కూడా వెబ్‌సైట్లు చేయాలనుకుని, స్వలింగ వివాహాలకు మాత్రం చేయనని, అలా చేయమని రాష్ట్ర వివక్ష నిరోధక చట్టం తనను బలవంతపెట్టకూడదని ముందుగానే కోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆమె పెళ్లి వెబ్‌సైట్ల వ్యాపారం మొదలుపెట్టనే లేదు. ఆరుగురు న్యాయమూర్తులు ఆమె పక్షాన, ముగ్గురు వ్యతిరేకంగా నిలిచారు. గమనించవలసింది ఏమిటంటే, ఆమె గెలిచింది మత స్వేచ్ఛ పేరుతో కాదు. తాను నమ్మని మాటను తనచేత పలికించకూడదనే వాక్ స్వాతంత్ర్యం పేరుతో.

మత స్వేచ్ఛ పేరుతో మొదలైన వాదం అక్కడిదాకా ఎలా వెళ్లిందో తెలుసుకోవాలనిపించి, ఆ తరువాత కొన్ని నెలలు దొరికినదల్లా చదివాను. ఈ కథ అనగానే చాలామందికి పెళ్లి కేకు చేయనన్న దుకాణదారుడి కేసు గుర్తుకు వస్తుంది గాని, మొదలు అక్కడ లేదు. ఆరెగాన్ రాష్ట్రంలో, స్థానిక ఆదివాసుల చర్చికి చెందిన ఇద్దరు మనుషులు పూజలో భాగంగా పెయోటీ అనే మత్తు మొక్కను తీసుకున్నందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, నిరుద్యోగ భృతి కూడా దక్కలేదు. అందరికీ వర్తించే చట్టం మతాచారానికి అడ్డు వచ్చినంత మాత్రాన మినహాయింపు ఇవ్వనక్కరలేదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుపై ఉదారవాదులు, సంప్రదాయవాదులు అన్న తేడా లేకుండా అందరూ మండిపడగా, 1993లో మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం వచ్చింది. సెనేట్‌లో దానికి వ్యతిరేకంగా పడినవి మూడే ఓట్లు. బలమైన కారణం లేకుండా ప్రభుత్వం ఒక మనిషి మతాచరణపై పెద్ద భారం మోపకూడదన్నది దాని సారం. ఆ చట్టం రాష్ట్రాలకు వర్తించదని 1997లో కోర్టు చెప్పాక, రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తమ సొంత చట్టాలు చేసుకోవడం మొదలుపెట్టాయి.

పిడికెడు మంది ఆదివాసుల పూజను కాపాడడానికి పుట్టిన ఆలోచన, ఇరవై ఏళ్లు తిరిగేసరికి, దుకాణదారుడు గిరాకీని తిప్పి పంపడానికి కవచంగా మారింది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. 2014లో అరిజోనాలో అలాంటి బిల్లును గవర్నరు వీటో చేశారు. 2015 మార్చి 26న ఇండియానా గవర్నరు మైక్ పెన్స్ సంతకం చేసిన చట్టంపై వ్యాపార సంస్థల నుంచి, క్రీడా సంఘాల నుంచి ఎంత నిరసన వచ్చిందంటే, వారం రోజుల్లోనే, సేవ నిరాకరించడానికి ఈ చట్టాన్ని వాడుకోరాదని సవరణ చేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది మిసిసిపీ మాత్రం వెనక్కి తగ్గకుండా, పెళ్లి అంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదే అన్న నమ్మకాన్ని పేరుపెట్టి మరీ రక్షించే చట్టం చేసింది.

ఇక ఆ కేకు కేసు. 2012లో కొలరాడోలో ఒక జంట తమ పెళ్లి విందుకు కేకు అడిగితే, పుట్టినరోజు కేకు కావాలంటే ఇస్తాను గాని పెళ్లి కేకు చేయను అన్నాడు యజమాని. 2018లో సుప్రీంకోర్టు 7–2తో అతని పక్షానే చెప్పింది, కానీ అసలు ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. అతని మతం పట్ల రాష్ట్ర పౌర హక్కుల కమిషన్ చులకనగా ప్రవర్తించిందన్న కారణంతోనే తీర్పును ముగించింది. ఆ యజమానిని తలచుకుంటే నాకు కొంచెం సిగ్గు వేస్తుంది. అతనితో నేను ఏకీభవించను. అయితే అతను దయ్యాల వేషాల పండుగ హాలోవీన్‌కు కేకులు కూడా చేయడు. తన నమ్మకం కోసం వ్యాపారాన్ని వదులుకున్న మనిషి. కారణం ఇదీ అని ఎదురుగా నిలబడి చెప్పాడు, ఆ మాటకు కోర్టులో జవాబుదారీ అయ్యాడు. నేను మెషీన్లు ఖాళీగా లేవన్నాను.

మతం పేరుతో గిరాకీని నిరాకరించడం అమెరికాకు కొత్త కాదు. దక్షిణ కరోలినాలో మాంసం వంటకాల హోటళ్లు నడిపిన ఒక వ్యాపారి, తెల్లవారినీ నల్లవారినీ కలపడం దేవుడి ఆజ్ఞకు విరుద్ధమని, కాబట్టి 1964 నాటి పౌర హక్కుల చట్టం తనకు వర్తించదని వాదించాడు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను పట్టించుకోదగినది కాదంటూ తోసిపుచ్చింది. ఆ 1964 చట్టంలో హోటళ్లు, సినిమా హాళ్ల గురించి ఉన్న భాగం జాతి, రంగు, మతం, జాతీయ మూలం అనే నాలుగింటినే చెబుతుంది. స్వలింగ జంటలకు రక్షణ ఉందా లేదా అన్నది అందుకే ఆయా రాష్ట్రాల చట్టాల మీద ఆధారపడి ఉంది.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊరి టీ కొట్టు కళ్లముందు కదిలింది. రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో తెలుగువారికి వివరించనక్కరలేదు. ఆ కొట్టు యజమాని కూడా ఆచారం అనేవాడు, ధర్మం అనేవాడు. బహుశా నిజంగానే నమ్మేవాడు. మన రాజ్యాంగం రాసినవారు ఆ నమ్మకాన్ని బాగా ఎరిగినవారు. అందుకే వివక్షను నిషేధించే 15వ అధికరణం రెండవ భాగం ప్రభుత్వంతో ఆగకుండా, దుకాణాల్లోకి, హోటళ్లలోకి, బావుల దగ్గరికి నేరుగా వెళ్లింది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ‘షాపు’ అనే మాటకు అర్థం అడిగినప్పుడు అంబేడ్కర్, అది లోపలికి రానివ్వడం గురించి మాత్రమే కాదని, వచ్చి అడిగినవారికి తన సేవను అందించడానికి సిద్ధపడి కూర్చున్న ప్రతిచోటూ షాపేనని వివరించారు. మత స్వేచ్ఛను ఇచ్చే 25వ అధికరణం తక్కిన ప్రాథమిక హక్కులకు లోబడి ఉంటుందని దాని మొదటి మాటల్లోనే ఉంది.

అలాగని అచ్చు వేసేవాడు ఏది ఇచ్చినా వేయాలా? వేయనక్కరలేదు. నాన్నగారు ఒకసారి ఒక మతాన్ని తిడుతూ రాసిన కరపత్రాన్ని వెనక్కి ఇచ్చేశారు, అదీ తన సొంత మతస్థులు తెచ్చినదాన్ని. ఎవరు తెచ్చినా ఆయన దాన్ని వేసేవారు కారు. బెల్‌ఫాస్టు నగరంలోని ఒక బేకరీ, స్వలింగ వివాహాన్ని సమర్థించాలనే నినాదంతో కేకు చేయడానికి నిరాకరించినప్పుడు, 2018 అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు సరిగ్గా ఈ తేడానే పట్టుకుంది: బేకరీవారు కాదన్నది మనిషిని కాదు, నినాదాన్ని, అదే నినాదాన్ని ఎవరు అడిగినా కాదనేవారే. ఆ తీర్పు నాకు సబబుగానే తోచింది. అదే కోర్టు 2013లో, కార్న్‌వాల్‌లోని ఒక హోటలు యజమానులు తమ క్రైస్తవ విశ్వాసం వల్ల ఒక గే జంటకు డబుల్ బెడ్ గది ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టింది. గది అద్దెకు ఇవ్వడంలో నినాదమేమీ లేదు మరి.

శుభలేఖ ఈ రెండింటిలో ఎటు పడుతుంది? వృత్తిలో ఉన్నవాడిగా నా సమాధానం చెబుతాను. ప్రతి శుభలేఖ చివరా ‘ఆహ్వానించువారు’ అని ఉండి, కింద పేర్లు ఉంటాయి. అంటే, ఆ మాటలు ఎవరివో కార్డే చెబుతుంది. ఎన్నికలప్పుడు ప్రతి కరపత్రం మీదా అచ్చు వేసినవాడి పేరు, చిరునామా ఉండాలని చట్టం. మా ప్రెస్సు పేరు ఒకే వారంలో ఒకరినొకరు తిట్టుకునే నాలుగు పార్టీల కాగితాల కింద ఉంటుంది, మేము నలుగురికీ ఓటు వేస్తామని మాత్రం ఇంతవరకు ఎవరూ అనుకోలేదు. వెనకటి రోజుల్లో పెళ్లిళ్లకు పద్యాలు కట్టి పంచిపెట్టే పద్ధతి ఉండేది. ఫలానా జంటను పొగుడుతూ పంచరత్నాలు చెప్పమని ఒక కవిని చట్టం బలవంతపెట్టకూడదని నేనూ అంటాను. పురోహితుడు, ఖాజీ, పాస్టరు సంగతి సరేసరి. కానీ ఇద్దరి పేర్లు, తేదీ, ఫంక్షన్ హాలు పేరు, విందు వేళ అచ్చులో పేర్చడాన్ని నా అంతరాత్మ పలుకు అనడం కవులను అవమానించడమే.

మన దగ్గర చట్టం సగం దూరంలో ఉంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షను పరిధి నుంచి వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలను తొలగిస్తూ, 15వ అధికరణంలో ‘లింగం’ అన్న మాటలో లైంగిక అభిరుచి కూడా ఇమిడి ఉందని చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సరుకులు, సేవలు, అద్దె ఇల్లు నిరాకరించరాదని 2019 చట్టం స్పష్టంగా అంటుంది. దుకాణం తిప్పి పంపిన గే గిరాకీ కోసం అలాంటి ప్రత్యేక చట్టమేదీ లేదు. స్వలింగ వివాహం కోసం సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో మొదటి పేరు హైదరాబాదు జంటదే. వారు 2021 డిసెంబరులోనే ఇక్కడ బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. 2023 అక్టోబరు 17న కోర్టు, పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయవలసింది చట్టసభలేనని తేల్చింది. ఆ పెళ్లికి గుర్తింపు లేదు, వేడుకకు నిషేధమూ లేదు. ఆ వేడుకకు ఎవరో వంట చేసి ఉంటారు, ఎవరో పూలదండలు కట్టి ఉంటారు.

అయినా ఈ నగరంలో నిరాకరించడానికి ఎవరికీ మత స్వేచ్ఛ చట్టం అవసరం పడదు. ‘టు లెట్’ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. పేరు చెప్పగానే ఇల్లు నిన్ననే ఇచ్చేశామంటారు. ‘శాకాహారులకు మాత్రమే’, ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న మాటల్లో ఎవరు వద్దో చెప్పకుండానే చెబుతాం. అమెరికా దుకాణదారుడి కారణం కాగితం మీద ఉంటుంది కాబట్టి దాన్ని తొమ్మిదిమంది న్యాయమూర్తులు తూకం వేయగలిగారు. ‘ఆర్డర్లు నిండిపోయాయి’ అన్న నా మాటను ఏ త్రాసులో వేస్తారు? ఆ రోజు నన్ను ఆపింది ధర్మమైతే ఆ మాటే వారి ముఖాన చెప్పేవాడిని. పక్క దుకాణంవాళ్లు ఏమనుకుంటారో, గోడ మీద ఆ కార్డును చూసి పాత గిరాకీ ఎక్కడ జారిపోతుందో అన్న జంకే నన్ను ఆపింది. దానికి ధర్మం అని పేరు పెట్టింది చాచా అడిగిన తరువాతే.

ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు. వారు రాసి ఇచ్చిన కాగితం నా దగ్గర ఉండిపోయింది గాని, అందులో ఫోను నంబరు లేదు. కిందటి ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక మెషీన్లు ఊరికే ఉన్నప్పుడు, కోరల్‌డ్రా అనే డిజైను సాఫ్ట్‌వేరులో ఒక నమూనా తయారు చేశాను. మా తెలుగు కార్డులో వరుడి పేరుకు ముందు ‘చి.’, వధువు పేరుకు ముందు ‘చి.ల.సౌ.’ ఉంటాయి; రెండో చోట కూడా ‘చి.’ అనే పెడితే ఎడమా కుడీ సరిసమానంగా కుదిరి, నిజానికి మామూలు కార్డు కంటే పొందికగా వచ్చింది. పై భాగం దగ్గర మాత్రం చేయి ఆగింది. ప్రూఫు తీసి చాచాకు చూపించి, వినాయకుడి బొమ్మ ఉంచాలా, తీసేయాలా అని అడిగాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, స్కేలు పెట్టి అంచులు చూసి, కాగితం తిరిగి ఇచ్చారు. “వచ్చినోళ్లను అడగాలె గాని, నన్ను అడుగుతవేంది బాబూ?”